ముల్లు దిగిన బూటు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

కుడికాలు ఉప్పు వేసిన వేడినీళ్ల బకెట్లో పెట్టుకుని రాస్తున్నాను. నొప్పి చాలావరకు తగ్గింది. బొటనవేలి కింద దిమ్మ మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.

పొద్దున నాలుగున్నరకే తమ్ముడు బైకేసుకుని వచ్చాడు. కొండ కిందికి నన్ను ఒక్కదాన్నే పంపరు, నాకూ ఆ ధైర్యం లేదు. ఈరోజు 18 కిలోమీటర్లు అనుకున్నాం. డిసెంబరులో 50 కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చాను కాబట్టి వారానికొకసారి రోడ్డు వదిలి రాళ్లలో కాళ్లకి అలవాటు చేయాలి.

కడప పక్కనున్న పాలకొండల కింద బండ్లబాట మొదటి రెండు కిలోమీటర్లు మెత్తటి ఎర్రమట్టి. ఆ తర్వాత అసలు కొండ మొదలవుతుంది. మా ఇంట్లో పరిచిన కడప బండ నున్నగా, చల్లగా ఉంటుంది. కొండ రాయి అట్లా కాదు, క్వార్ట్‌జైట్. అంత సులువుగా అరగదు, విరిగితే కత్తి అంచులా విరుగుతుంది. మొన్నటి వానలకి మట్టి కొట్టుకుపోయి ఆ అంచులన్నీ పైకి తేలాయి. బాటకి రెండు పక్కలా కంపచెట్లు, కింద పల్లేరుగాయలు.

పదకొండో కిలోమీటరులో దిగింది ముల్లు. కంపముల్లు. బూటు అడుగు దాటి, సాక్సు దాటి నేరుగా దిమ్మలోకి. అబ్బా అని అక్కడే రాయి మీద కూలబడ్డాను. తమ్ముడు ముందెక్కడో ఉన్నాడు. మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి ఆగాడు.

"ముల్లు నాటిందా మ్మా? ఉండు, కదిలించాకు."

పుస్తెల తాడుకున్న పిన్నీసు తీసిచ్చాను. కళ్లద్దాల్లేకుండానే రెండు నిమిషాల్లో ముల్లు మొత్తం బయటికి తీశాడు. తర్వాత నా బూటు చేతిలోకి తీసుకుని, అడుగుని బొటనవేలితో నొక్కాడు. లోపలికి పోయింది.

"ఇంత మెత్తటి అడుగుతో ఈ గుట్టల్లో తిరిగేదానికి లేదమ్మా. నా జోళ్లు చూడు."

పాత టైరు కోసి కుట్టిన చెప్పులు. అడుగున లెక్కలేనన్ని ముళ్లు విరిగి ఉన్నాయి, ఒక్కటీ ఇవతలికి రాలేదు. ఎన్నేళ్ల నుంచీ వేసుకుంటున్నావు తాతా అంటే, మూడేండ్లన్నాడు. చెప్పులు మార్చి మార్చి చూసినాడంట, చివరికి టైరే నిలబడిందంట.

ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తిరుగుతోంది మనసులో. నా బూట్లు రోడ్డు మీదికి చేసినవి. ఫోమ్ మెత్తన, అడుగు రబ్బరు పలచన. పైగా నోటుబుక్కులో లెక్క కూడితే 700 కిలోమీటర్లు దాటాయి. మామూలుగా ఒక జత 500 నుంచి 800 దాకా వస్తుందంటారు, అంటే వీటి పని దాదాపు అయిపోయినట్టే. ఇన్నాళ్లూ ఇవే చాలులే అనుకుంటూ వచ్చాను. ఇంకో సంగతి, కుడికాలి రెండో వేలి గోరు నల్లబడింది. దిగుడులో పాదం ముందుకు జారి బూటు మొనకి తగులుతోంది. మెట్టె ఉన్న వేలు అది. మెట్టె పక్కవేలికి ఒరుసుకుని చర్మం లేచిపోయింది.

అత్తమ్మ దూదితో పసుపు అద్దుతూ చూసింది. మెట్టెల గురించి ఆమెకి చెప్పాలంటే నాకు ముందునుంచీ జంకే. ఆమే అంది: "పరిగెత్తే పొద్దు తీసి కుంకుమ భరిణెలో పెట్టుకోమ్మా. వచ్చినాక పెట్టుకుందువు." నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్ని నెలలు ఈ ఒక్క మాట అడగలేక ఆ వేలిని బాధపెట్టాను.

సాయంత్రం ఆరింటికి కొలతలు తీశాను. పొద్దున తీస్తే తప్పు లెక్క వస్తుంది, పొద్దుగూకేసరికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి, దూరాలు పరిగెత్తితే ఇంకా. మడమ గోడకానించి, కింద పాత పేపరు వేసి, పరుగుకి వేసుకునే సాక్సులతోనే నిలబడ్డాను. మా ఆయన వంగి పెన్సిలుతో గీత గీశారు. ఎడమ 24.5 సెంటీమీటర్లు, కుడి 24.9. పెద్ద పాదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. నాకు బొటనవేలి కంటే రెండో వేలు పొడుగు, కాబట్టి దాని ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. రోజూ వేసుకునే చెప్పులు 6. ఈసారి 6న్నర.

పోయిన వారం ఊళ్లో ఒక షాపుకి వెళ్లి అడిగితే, ట్రయిల్ బూట్లు, అంటే కొండబాటల్లో పరిగెత్తే బూట్లు, అనగానే వాటర్‌ప్రూఫ్ జత తీసి ముందు పెట్టారు. అది మనకి పనికిరాదు. వంక దాటేటప్పుడు నీళ్లు పైనుంచి లోపలికి పోతాయి, పోయిన నీళ్లు బయటికి రావు. ఈ ఎండలో అట్లాంటి బూటులో కాలు ఉడికిపోతుంది. నాకు గాలాడే జాలీ బట్టే కావాలి. దుమ్ము వస్తే వచ్చింది, దులుపుకుంటాను.

రాత్రి అన్నం తిన్నాక ఫోను పట్టుకుని కూర్చుంటే టెన్షన్ మొదలైంది, అన్ని రకాలున్నాయి. అడుగున ఉండే రబ్బరు గుబ్బలని లగ్స్ అంటారు. సాలొమన్ కంపెనీ స్పీడ్‌క్రాస్‌కి అవి 5 మిల్లీమీటర్లకి తక్కువుండవు. బురద నేలకి దానికి సాటి లేదు, కానీ మా రాతి మీద ఆ గుబ్బలు తొందరగా అరిగిపోతాయి. ఆల్ట్రా బూట్ల మొన వేళ్లు విచ్చుకునేంత వెడల్పు, అక్కడ మనసు లాగింది. కానీ వాటిలో చాలావాటికి మడమా ముందుపాదమూ ఒకే ఎత్తు. నా పాత బూటులో ముందుపాదం కంటే మడమ 10 మిల్లీమీటర్లు ఎత్తు. ఒక్కసారిగా సున్నాకి దిగితే బరువంతా పిక్కల మీద, మడమ వెనక స్నాయువు మీద పడుతుంది. మూడు నెలల్లో పరుగు పెట్టుకుని ఆ ప్రయోగం చేయలేను. వచ్చే ఏడాది మెల్లగా చూస్తాను. హోకా వాళ్లది బాగా మందపాటి ఫోమ్. 2009లో ఇద్దరు ఫ్రెంచివాళ్లు కొండ దిగుడుల కోసమని మొదలుపెట్టారు. దూరాలకి హాయిగానే ఉంటాయి. కానీ పక్కకి ఒరిగిన రాళ్ల మీద అంత ఎత్తున నిలబడాలంటే నా చీలమండల మీద నాకు నమ్మకం లేదు.

వెతుకుతుంటే బూట్ల అడుగుకి వేసే వైబ్రమ్ రబ్బరు పుట్టుక తెలిసింది. 1935లో ఆల్ప్స్‌లో విటాలే బ్రమానీ అనే ఇటలీ పర్వతారోహకుడి వెంట వెళ్లినవాళ్లలో ఆరుగురు చనిపోయారు. వాళ్ల బూట్లు ఆ చలికి ఆగేవి కాకపోవడం ఒక కారణం. ఆ దుఃఖంలో నుంచి ఆయన గుబ్బల రబ్బరు అడుగు తయారుచేయించాడు. 1937లో దానికి పేటెంటు. డబ్బు సాయం చేసింది పిరెల్లీ, టైర్ల కంపెనీ! చదవగానే పొద్దునటి పెద్దాయన జోళ్లే కళ్ల ముందు మెదిలాయి. ఆయనకి చెబుదామంటే ఎట్లా చెప్పాలో తెలియదు గానీ, చెప్పాలని మాత్రం ఉంది.

చివరికి నా నేలకి ఏం కావాలో పేపరు మీద గీసిన పాదం పక్కనే రాసుకున్నాను. లగ్స్ నాలుగు మిల్లీమీటర్ల లోపు, మడమ ఎత్తు ఆరో ఎనిమిదో, మొన వెడల్పు. అన్నిటికన్నా ముఖ్యం రాక్ ప్లేట్, అంటే ఫోమ్‌కీ కింది రబ్బరుకీ మధ్య పెట్టే పలుచటి గట్టి పలక. సాధారణంగా అది ముందుపాదం కిందే ఉంటుంది, మడమ కింద ఉండదు. నాకు ముల్లు దిగింది సరిగ్గా ముందుపాదంలోనే.

ఇవన్నీ ఉన్న జత 11 వేలు. ఆ మాట ఎట్లా చెప్పాలా అనుకుంటూ ఫోను ఆయన చేతికిచ్చాను. ధర చూశారు, కిందికి జరిపి పలక బొమ్మ చూశారు. "ఇదుంటే ముల్లు దిగదా?" అన్నారు. నిలువునా వచ్చే పెద్ద ముల్లుకి పూర్తిగా హామీ లేదుగానీ, పొద్దునటిలా మాత్రం కాదన్నాను. "అయితే తీసుకో" అన్నారు.

గురువారానికి వస్తాయంట. రాగానే మట్టిలో పెట్టను. సాయంత్రం ఆరు దాటాక ఇంట్లో బండల మీదే నడిచి, మేడమెట్లు గబగబా దిగి చూస్తాను. దిగేటప్పుడు వేలు మొనకి తగిలితే వెంటనే వెనక్కి పంపి 7 తెప్పించుకుంటాను.

నీళ్లు చల్లారాయి. రేపు బడి ఉంది, ఎనిమిదో తరగతి పేపర్లు ఇంకా దిద్దలేదు. మెట్టెలు భరిణెలోనే ఉన్నాయి, పెట్టుకుని పడుకోవాలి.