వొకాబ్యులరీలో మూడు, నాలుగు అక్షరాల పదాలు నేను ఎలా చదివానంటే

ఫ్రెండ్స్, వొకాబ్యులరీ అనగానే అందరం పొడవాటి పదాల మీద పడతాం, నోరు తిరగని పదం ఒకటి గడగడా చెప్పేస్తే ఏదో సాధించినట్టు ఉంటుంది. కానీ పోటీ పరీక్షల మాక్ టెస్టు రాశాక కూర్చుని చూసుకుంటే తికమక పెట్టేవి ఎక్కువగా బుడ్డ పదాలే. పొడవాటి పదానికి ప్రిఫిక్సో, సఫిక్సో, రూటో ఏదో ఒక ఆధారం దొరుకుతుంది, సగం అర్థం ఊహించి లాగెయ్యొచ్చు. వెక్స్ (విసిగించడం), ఐర్ (కోపం), వో (కష్టం, దుఃఖం) లాంటివాటికి ఆ ఆధారం కూడా ఉండదు, తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు.

అందుకే వీటిని ఏ నుంచి జెడ్ దాకా వరసగా చదవకుండా, అరుదైన అక్షరాన్ని పట్టుకుని గుంపులు కట్టుకున్నాను. ఇంగ్లీష్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనపడే అక్షరం ఈ. క్యూ, జెడ్, ఎక్స్, జె బాగా తక్కువ. అక్షరాల బిళ్ళలతో పదాలు పేర్చే స్క్రాబుల్ ఆట తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ 1930లలో వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి మరీ పాయింట్లు పెట్టాడు. క్యూకీ జెడ్‌కీ 10, జెకీ ఎక్స్‌కీ 8, పాపం ఈకి 1. ఆ 8, 10 పాయింట్ల అక్షరాలున్న చిన్న పదాలు ఎలాగూ కొన్నే కాబట్టి గుంపు చేతిలో ఇమిడిపోతుంది, పైగా ఆ అక్షరమే గుర్తుగా పనిచేస్తుంది. (స్క్రాబుల్‌లో చెల్లే ప్రతి పదమూ మనకి అక్కర్లేదు, ఆ లిస్టులు డౌన్‌లోడ్ చేసుకుని టైమ్ పాడుచేసుకోకండి.)

ఎక్స్‌తో ముగిసే గుంపు నాకు బాగా ఉపయోగపడింది. లాక్స్ అంటే పట్టించుకోకుండా వదిలేసిన, సడలిన అని. సెక్యూరిటీ లాక్స్‌గా ఉందంటారు, దీనికి వ్యతిరేకం స్ట్రిక్ట్. క్రక్స్ అంటే సమస్యలో అసలు కీలకం. ఫ్లక్స్ అంటే నిలకడ లేకుండా మారుతూ ఉండటం. ఎపెక్స్ శిఖరం. హోక్స్ అంటే జనాన్ని నమ్మించడానికి పుట్టించిన అబద్ధం, బాంబు ఉందని ఉత్తుత్తి ఫోన్ చేస్తారే, అది. కోక్స్ దగ్గర మాత్రం ఆగాలి. బుజ్జగించో బతిమాలో ఒప్పించడం కోక్స్. ఆప్షన్లలో పక్కనే కోయర్స్ అని ఒకటి పెడతారు, అది బెదిరించి, బలవంతంగా చేయించడం. రెండూ సీ-ఓ తోనే మొదలవుతాయి, రెండిట్లోనూ చివరికి అవతలివాడు మన మాట వింటాడు, కానీ దారులు పూర్తిగా వేరు. వాక్యంలో నవ్వు, ఓపిక, పొగడ్త ఏమన్నా కనిపిస్తే కోక్స్, భయం కనిపిస్తే కోయర్స్.

క్యూ గుంపులో పదాలు కాస్త పొడవు (ఐదారు అక్షరాలు), చిక్కు కూడా ఇంకోలా ఉంటుంది. క్వెల్, క్వెంచ్, క్వాష్ మూడింటికీ లిస్టుల్లో "అణచు" అని ఒకటే రాసేస్తారు, అది బట్టీ పడితే క్లోజ్ టెస్టులో (పేరాలో ఖాళీలు పూరించే ప్రశ్నలు) మునిగినట్టే. అల్లర్లనీ భయాల్నీ క్వెల్ చేస్తారు, దాహాన్నీ మంటనీ క్వెంచ్ చేస్తారు, తీర్పునో ఉత్తర్వునో కోర్టు క్వాష్ చేస్తుంది. కాబట్టి పదం పక్కన అర్థం కాకుండా అది దేనితో కలిసి వస్తుందో రాసుకోండి, నా నోట్స్ అంతా అలాగే ఉండేది. క్వామ్ కూడా ఈ గుంపే, మనసులో పీకే సంకోచం అన్నమాట, స్పెల్లింగ్‌లో ఎల్ ఉంటుంది గానీ పలకరు.

జెడ్‌లో జీల్, జెస్ట్ తేలికే, రెండూ ఉత్సాహానికి సంబంధించినవే. చూసుకోవాల్సింది ఆర్-ఏ-జెడ్-ఈ. రేజ్ అనే పలుకుతాం, పైకెత్తడం అనే ఇంకో రేజ్‌లాగే వినిపిస్తుంది, అర్థం మాత్రం నేలమట్టం చేయడం.

స్పెల్లింగ్ ప్రశ్నలకి ఒక మాట. అసలైన ఇంగ్లీష్ పదాలు జెతో గానీ వితో గానీ ముగియడం చాలా అరుదు. అందుకే జడ్జ్, బ్యాడ్జ్ చివర డి-జి-ఈ, గివ్, హ్యావ్ చివర పలకని ఈ. వి-ఐ-ఈ అని రాసే వై అంటే పోటీపడటం, దానికి ఐఎన్‌జీ చేర్చితే వి-వై-ఐ-ఎన్-జి అవుతుంది, డై డయింగ్ అయినట్టు. ఇలాంటి పదాలు ఇంగ్లీష్ పేపర్ హెడ్డింగుల్లో పుష్కలంగా దొరుకుతాయి, చోటు తక్కువ కాబట్టి వాళ్ళు పొట్టి పదమే వాడతారు. గొడవ అనే అర్థంలో వచ్చే ఆర్-ఓ-డబ్ల్యూని రో అని చదవకండి, ఆ అర్థంలో అది రౌ.

ఏ, ఈ, ఐ, ఓ, యూ ఒక్కటీ లేనివి, అంటే స్లై (జిత్తులమారి), రై (పెదవి విరుపుతో కూడిన), ప్రై (ఇతరుల విషయాల్లో తొంగిచూడటం), స్ప్రై (వయసు మీదపడ్డా చలాకీగా ఉండే), ఇవి ఒక కూర్చోవడంలో అయిపోతాయి.

ఈ చదువు రీజనింగ్‌లో కూడా అక్కరకొచ్చింది. నాలుగు అక్షరాలిచ్చి, ప్రతిదీ ఒక్కసారే వాడి అర్థమున్న పదాలెన్ని అని అడుగుతారు కదా. నాలుగు అక్షరాల్ని 24 రకాలుగా పేర్చొచ్చు, అన్నీ రాస్తూ కూర్చుంటే టైమ్ హరీ. ఎల్, ఐ, వి, ఈ ఇచ్చారనుకోండి, ఇందాకటి రూల్ ప్రకారం వి చివర్లో రాదు, ఆరు పోయాయి. తర్వాత ఒక్కో అక్షరాన్ని మొదట పెట్టి చూస్తే లివ్, వైల్ (నీచమైన), వెయిల్ (మేలిముసుగు), ఈవిల్, నాలుగు దొరుకుతాయి. పేర్లు లెక్కలోకి రావు. పెద్ద డిక్షనరీలో చిత్తడి నేల అనే అర్థంతో వి-ఎల్-ఈ-ఐ అని ఇంకోటి ఉంది గానీ దాని జోలికి పోనక్కర్లేదు. ఏ, ఈ, ఎస్, టి ఇస్తే ఈస్ట్, సీట్, ఈట్స్, టీస్ వెంటనే తడతాయి, తనివితీరా పెట్టడం అనే సేట్ తట్టకపోయినా నష్టం లేదు, ఎందుకంటే ఆప్షన్లలో "మూడు కంటే ఎక్కువ" అని ఉంటే నాలుగోది దొరికిన క్షణమే టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోవచ్చు.