పరుగెత్తు, వెనకే ఉంది!

నిన్న రాత్రి ఎమ్యులేటర్‌లో (పాత మెషీన్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) 'త్రీడీ మాన్‌స్టర్ మేజ్' ఆడాను. సింక్లెయిర్ జెడ్ఎక్స్81 అనే చిన్న ఇంటి కంప్యూటర్ కోసం మాల్కం ఎవాన్స్ తయారుచేసిన ఆట, 1982లో వచ్చింది. ఆ మెషీన్ సొంత మెమరీ 1 కేబీ! ఈ ఆట నడవాలంటే వెనకాల 16 కేబీ మెమరీ ప్యాక్ తగిలించాల్సిందే. రంగుల్లేవు, సౌండ్ అసలే లేదు. ఆటంతా ఒక చిక్కుదారి, దాని గోడలన్నీ నలుపు, బూడిద గళ్లే. లోపల ఒక టీ-రెక్స్ డైనోసార్ తిరుగుతుంటుంది, దానికి దొరక్కుండా బయటపడాలి. 7 నొక్కితే ముందుకు, 5, 8 నొక్కితే పక్కలకి. అంతే.

అసలు పని చేసేది స్క్రీన్ మీద వచ్చే ఒక్క లైను. ముందు 'నీకోసం వేటాడుతోంది' అంటుంది. కాసేపటికి 'అడుగుల చప్పుడు దగ్గరవుతోంది'. శబ్దమే లేని మెషీన్‌లో చప్పుడు గురించి చదివి భయపడ్డానంటే నమ్ముతారా? మలుపు తిరిగితే దూరంగా చిన్న నల్లటి ముద్ద, చూస్తుండగానే స్క్రీన్ నిండా పళ్లు!

ఇప్పటి హారర్ గేముల్లో ఎంత రక్తం పారినా నాకింత టెన్షన్ రాలేదు. పైగా ప్రతి ఆటకీ దారి కొత్తగా తయారవుతుంది, బట్టీ పడదామన్నా కుదరదు. ఇవాళ అందరూ పడుకున్నాక మళ్లీ కూర్చుంటా.