గ్రిప్ పెరిగింది సరే, గుండీ పడుతోందా?

డిగ్రీలో చదివిందే పీజీలో ఇంకాస్త లోతుగా చెబుతారనుకుని ఎంఓటీలో, అంటే ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బు, గాయం తర్వాత మనిషి రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేసే చికిత్స) పీజీలో చేరినవాళ్లం మనం. కండరాలు, నరాలు, కీళ్లు, స్ప్లింట్లు (చేతిని సరైన స్థితిలో పట్టి ఉంచే అచ్చులు) అన్నీ అయిపోయాయి, పోస్టింగుల్లో పేషెంట్లను చూసేశాం, ఇక మిగిలింది థీసిస్ ఒక్కటే కదా అన్న ధీమా అందరి మొహాల్లోనూ కనిపించేది. ఆ ధీమాని పూర్తిగా దింపేసింది యాక్టివిటీ అనాలిసిస్ క్లాసు. చాలామందికి పీజీ అంటే థీసిసే గుర్తొస్తుంది, నాకు మాత్రం ఆ క్లాసే.

మేడం ఇచ్చిన పని చూడటానికి చాలా చిన్నది. చొక్కాకి గుండీ పెట్టుకోవడాన్ని విడదీసి రాయండి అన్నారు. ఇదేముంది అని బొటనవేలు, చూపుడువేలు మధ్య పించ్ (నొక్కి పట్టుకోవడం), రెండు చేతుల కోఆర్డినేషన్, మణికట్టు స్థిరంగా ఉండటం, ఇలా అరపేజీ రాసి పెన్ను కింద పెట్టేశాం. ఆవిడ ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. కాలర్ గుండీ కంటికి కనిపిస్తుందా? కనిపించదు, వేళ్ల స్పర్శతోనే వెతుక్కోవాలి, కాబట్టి స్పర్శ తగ్గినవాళ్లకి కింది గుండీ నుంచి మొదలుపెట్టించడం మేలు. కూర్చుని పెట్టుకుంటున్నారా, నిలబడా? నిలబడితే నడుము బ్యాలెన్స్ కూడా లెక్కలోకి వస్తుంది. చొక్కా కొత్తదా? కాజా బిగుతుగా ఉంటుంది. గదిలో వెలుతురు ఎంత? పక్కన నిలబడి "తొందరగా కానీ, టైమవుతోంది" అనేవాళ్లున్నారా? అసలు ఆ మనిషి చొక్కా వేసుకుని ఎక్కడికి వెళ్లాలి? ఎక్కడికీ వెళ్లేది లేకపోతే గుండీలు ఎందుకు పెట్టుకుంటాడు?

ఆ చివరి ప్రశ్న దగ్గర క్లాసంతా ఆగిపోయింది.

ఆ తర్వాత వచ్చేది గ్రేడింగ్. అదే పనిని మనిషికి తగ్గట్టు సులువు చేయడం, మెల్లగా కష్టం పెంచడం. పెద్ద గుండీ, వదులు కాజా, బటన్ హుక్ (గుండీని కాజాలోంచి లాగే చిన్న కొక్కెం), వెల్క్రో, చివరికి గుండీల్లేని టీషర్టు. ఇందులో ఏది వాడాలన్నది పుస్తకంలో దొరకదు. చెయ్యి తిరిగి వచ్చే అవకాశం ఉన్నవాళ్లకి బటన్ హుక్ అలవాటు చేస్తే ఆ చేతికి పని తగ్గిపోతుంది. వచ్చే అవకాశం లేనివాళ్లని నెలల తరబడి మామూలు గుండీతోనే కుస్తీ పట్టిస్తే మన మీద నమ్మకం పోతుంది. ఇంకో రకం కూడా ఉంది: బట్టలు వేయడానికి ఇంట్లోవాళ్ల సాయం తీసుకుని, మిగిలిన ఓపికంతా తనకి ఇష్టమైన పనికి దాచుకుంటానంటారు కొందరు. అన్నీ సొంతంగా చేసుకోవడమే లక్ష్యం అని డిగ్రీలో బట్టీపట్టిన మనకి ఇది మింగుడుపడటానికి టైం పట్టింది. ఇప్పటికీ మనవాళ్లలో కొందరు ఒప్పుకోరు, నాకు తెలుసు.

పరిశోధన పేపర్లు చదివి చర్చించుకునే జర్నల్ క్లబ్ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఎవరు ఏ పేపర్ ప్రెజెంట్ చేసినా, ఫలితాల స్లయిడ్ రాగానే వెనక బెంచీ నుంచి సార్ ఒకటే మాట అనేవారు, "గ్రిప్ పెరిగింది సరే, గుండీ పడుతోందా?" మొదట్లో నవ్వేవాళ్లం, తర్వాత భయపడేవాళ్లం, మూడో సెమిస్టర్ వచ్చేసరికి సార్ నోరు తెరవకముందే ఒకళ్లనొకళ్లం అడుక్కునేవాళ్లం. గ్రిప్, అంటే చేతి పట్టు బలం కొలిచే డైనమోమీటర్ మీద ఆయనకేమీ కోపం లేదు. మోచెయ్యి 90 డిగ్రీల్లో వంచి, హ్యాండిల్ రెండో స్థానంలో పెట్టి, మూడుసార్లు పట్టించి సగటు తీయాలని, ఒక్కటి తప్పినా ఆ రీడింగ్ పనికిరాదని చెప్పింది కూడా ఆయనే. అయితే కిలోల్లో వచ్చే ఆ అంకె చెయ్యి గురించి చెబుతుంది, రోజు ఎలా గడుస్తోందో చెప్పదు. సీఓపీఎం అనే కొలమానం ఆయనకి అంత ఇష్టం కావడానికి కారణం ఇదే. 1991లో కెనడా థెరపిస్టులు తెచ్చిన ఆ పద్ధతిలో, తనకి ఏ పనులు కష్టంగా ఉన్నాయో పేషెంటే చెప్పాలి, వాటిలో ముఖ్యమైనవి ఐదు దాకా ఎంచుకోవాలి, ఎంత బాగా చేయగలుగుతున్నానన్నదానికీ, దాంతో ఎంత తృప్తిగా ఉందన్నదానికీ ఒకటి నుంచి పది దాకా మార్కులు తనే వేసుకోవాలి. మళ్లీ అడిగినప్పుడు రెండు మార్కులో అంతకన్నా ఎక్కువో తేడా వస్తే దాన్ని చెప్పుకోదగ్గ మార్పుగా తీసుకుంటారు. వినడానికి సులువే. చేసి చూస్తే, పక్కన కూర్చున్న బంధువే అన్నిటికీ జవాబు చెప్పేస్తుంటే పేషెంట్ నోటి వెంట ఒక్క మాట రప్పించడమే పెద్ద పని.

థియరీ పేపర్ అంటే మనలో సగం మందికి నిద్ర. నాకూ అంతే, అమెరికా ఆక్యుపేషనల్ థెరపిస్టు కీల్‌హాఫ్నర్ సంగతి తెలిసేదాకా. 1980లో అచ్చయిన మోహో (మనిషి పనులు ఎందుకు చేస్తాడో, ఎందుకు మానేస్తాడో వివరించే మోడల్ ఆఫ్ హ్యూమన్ ఆక్యుపేషన్) మోడల్‌కి బీజాలు ఆయన మాస్టర్స్ విద్యార్థిగా ఉన్నప్పుడు, ఈ రంగంలో పేరున్న ప్రొఫెసర్ మేరీ రైలీ దగ్గర చదువుకుంటున్న రోజుల్లోనే పడ్డాయి. మనలాగే థీసిస్ రాసుకుంటున్న కుర్రాడన్నమాట! ఆ మోడల్ ఎందుకు అవసరమో స్ట్రోక్ వార్డు చూపించింది. చెయ్యి బాగా తిరిగి వచ్చినా ఇంటికెళ్లాక ఏ పనీ ముట్టుకోని వాళ్లు కనిపించేవారు. కండరం పరీక్షిస్తే లోపం దొరకదు. చేయాలన్న కోరిక ఉందా, పాత అలవాట్లు తెగిపోయాయా, ఇంట్లో తన పాత్ర ఇంకెవరికైనా వెళ్లిపోయిందా, చుట్టూ ఉన్న పరిసరాలు చేయనిస్తున్నాయా అని విడివిడిగా చూస్తే అప్పుడు దారి దొరుకుతుంది. దానికో చట్రం లేకపోతే "పేషెంట్ సహకరించడం లేదు" అని కేస్ షీట్లో రాసి చేతులు దులుపుకుంటాం. ఆ వాక్యం రాసినవాళ్లని మేడం ఎలా నిలబెట్టి అడిగేవారో మీకు గుర్తుండే ఉంటుంది.

చరిత్ర పాఠంలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. 1917లో అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఈ వృత్తికి మొదటి సంఘం పెట్టినవాళ్లలో ఇద్దరు ఆర్కిటెక్టులు. వాళ్లలో జార్జ్ బార్టన్ టీబీతోనూ, ఎడమ వైపు పక్షవాతంతోనూ బాధపడి, తోటపని, వడ్రంగం చేసుకుంటూ కోలుకున్న మనిషి. మిగిలినవాళ్లలో ఒక సైకియాట్రిస్టు, చేతిపనులు నేర్పే టీచరు, సంఘ సేవకురాలు, ఒక సెక్రటరీ. ఇలాంటి గుంపు పెట్టిన వృత్తి కాబట్టే ఇది ఏ ఒక్క డిపార్ట్‌మెంట్లోనూ సరిగ్గా ఇమడదని నా అభిప్రాయం. మీకూ ఫిజియోకీ తేడా ఏంటని వార్డులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, చెబుతూనే ఉంటాం.

స్ప్లింట్ ల్యాబ్ గురించి మన బ్యాచ్‌లో మిగతావాళ్లు రాస్తారు, నేను ఒక్క ముక్కే అంటాను. వేడినీళ్లలోంచి తీసిన ప్లాస్టిక్ షీటు చల్లారి గట్టిపడేలోపు మణికట్టు యాంగిల్ చూడాలి, ముంజేతిలో మూడింట రెండొంతుల పొడవు రావాలి, అరచేతి గీత మీదికి అంచు ఎక్కకూడదు. అవన్నీ సరిగ్గా కుదిరాక సీనియర్ అక్క వచ్చి, "ఇది పెట్టుకుని ఈయన రోజంతా ఏం చేస్తారు?" అని అడిగితే మన దగ్గర జవాబు ఉండేది కాదు.

ఇక థీసిస్. ఎథిక్స్ కమిటీ, కన్సెంట్ ఫారం, శాంపిల్ సైజు టెన్షన్ అందరికీ ఒకటే. బాగైనవాళ్లు బాగైందని రావడం మానేస్తారు, బాగవనివాళ్లు బాగవలేదని మానేస్తారు, మధ్యలో మనం ఫోన్లు చేస్తూ ఉంటాం. స్టాటిస్టిక్స్‌లో నాకు నిజంగా కళ్లు తెరిపించింది ఎఫ్ఐఎం స్కోరు, రోజువారీ పనుల్లో పేషెంట్‌కి ఎంత సాయం కావాలో కొలిచేది. 18 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఏడు. రెండు నుంచి మూడుకి ఎదగడమూ, ఐదు నుంచి ఆరుకి ఎదగడమూ ఒకటే కష్టం కాదు. అలాంటి అంకెలకి కళ్లు మూసుకుని సగటు తీసి టీ టెస్ట్ (సగటుల్ని పోల్చే లెక్క) పెట్టకూడదు. వైవాలో ఇదే అడిగారు, విల్‌కాక్సన్ (ర్యాంకులతో పోల్చే లెక్క) ఎందుకు వాడారని. ఏఎంపీఎస్ (మనిషి పని చేసే తీరుని అంచనా వేసే పరీక్ష) పెట్టుకుందామని ఆశపడ్డవాళ్లకి ఇంకో గోడ ఎదురైంది. 16 మోటార్ (కదలికల), 20 ప్రాసెస్ (పనిని క్రమంగా నడిపే) స్కిల్స్‌ని పని చేస్తుండగానే గమనించి మార్కులు వేయాలి, దానికి విడిగా ట్రైనింగ్ తీసుకుని మన రేటింగ్‌ని క్యాలిబ్రేట్ చేయించుకోవాలి. పీజీ ఉన్న కాస్త టైంలో అది అందరికీ కుదరదు.

జూనియర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. థీసిస్ సినాప్సిస్ (ముందస్తు ప్రణాళిక) రాసేటప్పుడే ఫాలో అప్‌కి క్యాలెండర్లో చోటు పెట్టుకోండి. చికిత్స అయిన రోజే చివరి కొలత తీసుకుని ముగించేస్తే ఆ మార్పు ఇంట్లో నిలిచిందో లేదో ఎప్పటికీ తెలియదు. వీలైతే ఆ చివరి కొలత వాళ్ల ఇంట్లో, వాళ్లు రోజూ వాడే వస్తువులతోనే తీయండి. గైడ్ ఒప్పుకోకపోతే తక్కువ మందినే తీసుకుని సింగిల్ సబ్జెక్ట్ డిజైన్ (ఒక్కొక్కరినే పదేపదే కొలిచి చూసే పద్ధతి) చేస్తామని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.