ఎడ్గర్ నుంచి కంపెనీల లెక్కలు తెచ్చే టూల్‌కి డాక్యుమెంటేషన్: నా అనుభవం

అమెరికాలో లిస్టయిన కంపెనీల ఆర్థిక నివేదికలను అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ నడిపే ఎడ్గర్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ నుంచి తెచ్చి టేబుల్‌గా ఇచ్చే చిన్న పైథాన్ టూల్ ఇది. మొదటి డ్రాఫ్టులో ఇన్‌స్టాల్ చేయడం, కమాండ్లు, ఆప్షన్లు మాత్రమే రాశాను. అది చాలలేదు. టూల్ ఆగిపోతే ఎర్రర్ కనిపిస్తుంది, సరిచేసుకుంటారు. తప్పు సంఖ్య ఇస్తే మాత్రం ఏ ఎర్రరూ రాదు, అది నేరుగా ఎవరి ఎక్సెల్ షీట్లోకో వెళ్లిపోతుంది. అందుకే సగానికి పైగా పేజీలు డేటా స్వభావం గురించే రాశాను.

కనెక్షన్ సంగతులు కొద్దిలో తేలిపోతాయి. ఏపీఐ కీ (డేటా అడిగే ప్రోగ్రామును గుర్తించే రహస్య సంకేతం) అక్కర్లేదు. కానీ ప్రతి రిక్వెస్టుతో పాటు వెళ్లే యూజర్ ఏజెంట్ హెడర్‌లో పేరు, ఈమెయిల్ పెట్టకపోతే 403 (అనుమతి లేదు) ఎర్రర్ వస్తుంది. సెకనుకు 10 రిక్వెస్టులు దాటకూడదు. వందల కంపెనీలు కావాలంటే రోజూ రాత్రి కొత్తగా తయారయ్యే జిప్ ఫైల్ దించుకోవడమే మేలు. కంపెనీకి ఎస్‌ఈసీ ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే సీఐకే నంబరు ముందు సున్నాలు చేర్చి 10 అంకెలు చేయాలి: యాపిల్‌ది 0000320193. ఎక్సెల్ ఆ సున్నాలను మింగేస్తుంది, అప్పుడు 404 (దొరకలేదు) ఎర్రర్ వస్తుంది. కాబట్టి ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా చదవమని ఉదాహరణలోనే రాశాను.

అసలు చిక్కు సంవత్సరం దగ్గర. ఎడ్గర్ ఇచ్చే జేసన్ ఫైల్లో ప్రతి సంఖ్య పక్కన 'ఎఫ్‌వై' (ఆర్థిక సంవత్సరం) అని ఒక ఫీల్డ్ ఉంటుంది. అది ఆ సంఖ్య ఏ ఏడాదిదో చెప్పదు, ఏ ఏడాది నివేదికలో వచ్చిందో చెబుతుంది. యాపిల్ 2020 వార్షిక నివేదికలో (దాన్నే 10-కె అంటారు) మూడేళ్ల ఆదాయం పక్కపక్కనే ఉంటుంది: 27,451.5 కోట్లు, 26,017.4 కోట్లు, 26,559.5 కోట్ల డాలర్లు. మూడింటికీ ఎఫ్‌వై 2020 అనే ఉంటుంది. కొన్ని కంపెనీల 10-కెలలో త్రైమాసిక సంఖ్యలు కూడా అదే గుర్తుతో కలిసిపోతాయి. అందుకే ఎఫ్‌వై వదిలేసి, ప్రారంభ, ముగింపు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టాలి. ఏడాదికి 350 నుంచి 380 రోజులు తీసుకోవచ్చు. త్రైమాసికానికి 80 నుంచి 100 చాలనిపిస్తుంది గానీ, క్రోగర్ మొదటి త్రైమాసికం 16 వారాలు, అంటే 112 రోజులు. అందుకని 120 వరకు పెంచాం. అర్ధ సంవత్సరానికి అది ఇంకా చాలా దూరమే.

నాలుగో త్రైమాసికానికి విడిగా 10-క్యూ (త్రైమాసిక నివేదిక) ఉండదు. వార్షిక సంఖ్య నుంచి తొమ్మిది నెలల సంఖ్య తీసేయాలి. ఈపీఎస్‌కు (ఒక్కో షేరుకు వచ్చే లాభం) ఈ పద్ధతి చెల్లదు, ఎందుకంటే ఒక్కో కాలానికి సగటు షేర్ల సంఖ్య వేరు. 10-క్యూలో నగదు ప్రవాహం సాధారణంగా ఏడాది మొదటి నుంచి కలిపి ఇస్తారు కాబట్టి రెండో త్రైమాసికానికి కూడా తీసివేత తప్పదు. ఇంకొకటి: స్థిరాస్తుల కొనుగోలుకు పెట్టిన డబ్బు బయటికి పోయేదే అయినా ఎక్స్‌బీఆర్‌ఎల్‌లో (నివేదికలోని ప్రతి సంఖ్యకూ ట్యాగ్ అనే పేరు తగిలించే ఫార్మాట్) ధన సంఖ్యగానే ఉంటుంది. టూల్ ప్లస్, మైనస్ గుర్తు మారుస్తుందా లేదా అన్నది ఒక్క వాక్యంలోనైనా రాసి తీరాలి.

ఒకే కాలానికి రెండు సంఖ్యలు కనిపిస్తే ఏది తీసుకోవాలి? 2019కి యాపిల్ డైల్యూటెడ్ ఈపీఎస్ (మున్ముందు చేరగల షేర్లనూ కలిపి లెక్కించినది) ఆ ఏటి నివేదికలో 11.89 డాలర్లు, మరుసటి ఏటి నివేదికలో 2.97. 2020 ఆగస్టులో ఒక షేరును నాలుగుగా విభజించారు, అదీ కారణం. ఏళ్ల మధ్య పోలికకు చివరగా ఫైలైనది కావాలి. అప్పట్లో మదుపరులకు ఏం తెలుసో పరీక్షించేవాళ్లకు మొదట ఫైలైనది కావాలి. మా టూల్ డిఫాల్ట్‌గా చివరిది ఇస్తుంది, ఆ ముక్క ఆప్షన్ల పట్టికలో అడుగున పడేయకుండా మొదటి పేజీలోనే పెట్టాను.

కొన్ని కంపెనీల ఆదాయం 2018 దగ్గర తెగిపోయినట్టు కనిపిస్తుంది. కొత్త ఆదాయ ప్రమాణం ఏఎస్‌సీ 606తో ట్యాగ్ మారడమే కారణం. పాత, కొత్త ట్యాగులను వరుసగా వెతికి, ఏది దొరికిందో ఫలితంలో చూపించాలి. ఏదీ దొరక్కపోతే గడి ఖాళీగా వదలాలి, సున్నా పెట్టకూడదు.

మనవాళ్లు ఎక్కువగా వెతికేది డాక్టర్ రెడ్డీస్, ఇన్ఫోసిస్. ఇవి అంతర్జాతీయ లెక్కల ప్రమాణాలైన ఐఎఫ్‌ఆర్‌ఎస్ పద్ధతిలో 20-ఎఫ్ (విదేశీ కంపెనీల వార్షిక నివేదిక) ఫైల్ చేస్తాయి, కాబట్టి అమెరికా ప్రమాణాలైన యూఎస్ గ్యాప్ కింద వెతికితే దొరకవు. విదేశీ కంపెనీల ఐఎఫ్‌ఆర్‌ఎస్ లెక్కలకు ఎక్స్‌బీఆర్‌ఎల్ తప్పనిసరైంది 2017 డిసెంబరు 15న గానీ ఆ తర్వాత గానీ ముగిసిన ఆర్థిక సంవత్సరాల నుంచే. అంతకు ముందువి ఖాళీగా వస్తే టూల్ తప్పు కాదు. ఇన్ఫోసిస్ డాలర్లలో లెక్క చూపుతుంది. డాక్టర్ రెడ్డీస్ రూపాయల్లో చూపుతూ, చదివేవారి సౌలభ్యం కోసం తాజా ఏడాదికి డాలర్ల కాలమ్ కూడా ఇస్తుంది. కరెన్సీ అడగకుండా మొదట దొరికిన యూనిట్ తీసుకునే కోడ్ ఇక్కడే బోల్తా పడుతుంది.

డాక్యుమెంటేషన్‌లోని ప్రతి ఉదాహరణనూ అసలు నివేదిక పక్కన పెట్టుకుని సరిచూశాను. ఫలితంలో ప్రతి వరుసకూ యూనిట్, ముగింపు తేదీ, ఫైలైన తేదీ, యాక్సెషన్ నంబరు (ప్రతి ఫైలింగ్‌కూ ఎడ్గర్ ఇచ్చే సంఖ్య) చేర్చాం. ఆ నంబరుతో ఎవరైనా మూల నివేదిక తెరిచి, తమ సంఖ్యను తామే సరిచూసుకోవచ్చు.