క్లోజపిన్‌తో 18 వారాలు: నా అనుభవం

నిన్న సాయంత్రం నా తమ్ముడి 18వ వారం సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు చేతికి వచ్చింది. ఇక వారం వారం సూది పొడిపించుకోనక్కరలేదని, ఏడాది నిండే వరకు పదిహేను రోజులకొకసారి, ఆ తరువాత నెలకొకసారి చేయిస్తే చాలని డాక్టరు గారు ఫోనులో చెప్పారు. లేని గొంతులు వినిపించే మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా ఉన్నవారి ఇళ్లలో, దానికి వాడే క్లోజపిన్ పేరు చెబితే జంకేవారు చాలామంది ఉన్నారు. మేమూ అలాగే జంకి ఏడాది పోగొట్టుకున్నాం కాబట్టి, ఈ నాలుగు నెలలు ఎలా గడిచాయో మరచిపోకముందే రాస్తున్నాను.

తమ్ముడు ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా, పక్క గదివాళ్లు తన ఆలోచనలను వింటున్నారంటూ హాస్టల్ వదిలి ఖమ్మం వచ్చేశాడు. మొదట రిస్పెరిడోన్, తరువాత ఒలాంజపిన్ వాడాం. నిద్ర వచ్చింది, ఒళ్లు వచ్చింది, చెవిలో వినిపించే గొంతులు మాత్రం పోలేదు. రెండు వేర్వేరు మందులను తగిన మోతాదులో, ఒక్కొక్కటి కనీసం ఆరు వారాల పాటు వాడినా గుణం కనిపించకపోతే దానిని మందులకు లొంగని జబ్బుగా లెక్కిస్తారని, ఆ దశలో క్లోజపిన్‌కు సాటి వచ్చే మందు ఇంతవరకు లేదని హైదరాబాదులోని డాక్టరు గారు చెప్పారు. 1988లో అమెరికాలో జాన్ కేన్ బృందం ఇలాంటి 268 మంది రోగులపై జరిపిన పరిశోధనలో, ఆరు వారాలకు పాత మందు క్లోర్‌ప్రోమజైన్‌తో 100కు నలుగురు మెరుగుపడితే, క్లోజపిన్‌తో 30 మంది మెరుగుపడ్డారట. ఈ జబ్బుకే 2024లో అమెరికాలో అనుమతి పొందిన కోబెన్‌ఫీ అనే మందు గురించి చదివి, అది ఇప్పించకూడదా అని అడిగాను. కొత్త మందని మోజు పడవద్దని, రెండు మందులకు లొంగని జబ్బుకు ముందుగా వాడవలసినది క్లోజపినేనని ఆమె మెత్తగా మందలించారు.

మందు మొదలుపెట్టే ముందు ఆమె గంటసేపు కుటుంబ చరిత్ర అడిగారు. చిన్నప్పుడే పోయిందని మాకు చెబుతూ వచ్చిన మేనత్త అప్పుడు పోలేదని, పెళ్లయిన రెండేళ్లకు పుట్టింటికి పంపేస్తే పదకొండేళ్లు పెరటి గదిలోనే ఉండి చనిపోయిందని నాన్న నోట మొదటిసారి అక్కడే విన్నాను. హాస్టల్లో గంజాయి అలవాటైన సంగతి తమ్ముడే చెప్పాడు. జన్యువుల వల్ల ముప్పు ఉన్న మెదడుకు ఆ వయసులో గంజాయి తోడైతే ముప్పు పెరుగుతుందని, అయినా ఫలానా దానివల్లే వచ్చిందని ఒక్కదానిని వేలెత్తి చూపలేమని ఆమె అన్నారు. ఒకే రూపు కవలలలో ఒకరికి ఈ జబ్బు వస్తే రెండోవారికి వచ్చే అవకాశం సగానికి మించదు, అంటే అంతా రక్తంలోనే రాసి లేదన్నమాట. మామూలుగా 100 మందిలో ఒకరికి వచ్చేది, తోబుట్టువుకు ఉంటే 100కు 9 లేక 10 మందికి వస్తుందన్న లెక్క విన్నప్పుడు మాత్రం, ఎక్కువగా పడుచు వయసులోనే మొదలయ్యే జబ్బు కదా, నాకు 33 ఏళ్లు దాటాయని వేళ్ల మీద లెక్కపెట్టుకోకుండా ఉండలేకపోయాను.

అమ్మ చివర్లో, వీడు కడుపులో ఉన్నప్పుడు తాను సరిగ్గా తినలేదని, అదే కారణమా అని అడిగింది. 1944-45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో పడిన కరువులో కడుపున పడిన పిల్లలలో ఈ జబ్బు దాదాపు రెట్టింపు కనిపించిన మాట నిజమేనని, అయినా ఒకటికి రెట్టింపు రెండేనని, అది ఊరికి ఊరు ఆకలితో మాడిన కరువని, వేవిళ్లతో నాలుగు ముద్దలు తక్కువ తినడం కాదని డాక్టరు గారు చెప్పారు. 1948 ప్రాంతంలో తల్లి పెంపకం వల్లే ఈ జబ్బు వస్తుందని పెద్ద వైద్యులే రాశారు. ఆ సిద్ధాంతాన్ని పరిశోధన ఎప్పుడో కొట్టిపారేసింది. మా పెద్దమ్మ ఒక్కతే ఇంకా వదలలేదు.

ఈసీజీ, షుగర్, బరువు, అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. రాత్రికి 12.5 మిల్లీగ్రాములతో, అంటే 25 మాత్రలో సగంతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచారు.

ఇక రక్తపరీక్ష. క్లోజపిన్ వాడేవారిలో 100కు ఒకరి కంటే తక్కువ మందికి, సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. 1975లో ఫిన్లాండ్‌లో అలా కొందరు చనిపోవడంతో ఈ మందు దాదాపు మూలపడింది. 1989లో అమెరికా అనుమతించినప్పుడు రక్తపరీక్ష షరతు మీదనే అనుమతించింది. ముప్పు ఎక్కువగా మొదటి 18 వారాల్లోనే ఉంటుంది. 2025లో అమెరికా, రిపోర్టు నమోదు చేస్తేనే మందు ఇవ్వాలన్న నిబంధనను ఎత్తివేసింది గాని, పరీక్ష మానమని చెప్పలేదు. మనకు కావలసింది న్యూట్రోఫిల్స్ శాతం కాదు, సంఖ్య. మొత్తం తెల్లకణాలను ఆ శాతంతో గుణించాలి. 1,500 కంటే తగ్గితే మందు ఆపాలని, 2,000 కంటే తగ్గితే వారానికి రెండుసార్లు పరీక్ష చేయించాలని డాక్టరు గారు కాగితం మీద రాసి ఇచ్చారు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆ గుణకారం నాకొక లెక్క కాదు.

మా వీధి చివరి ల్యాబులో ప్రతి సోమవారం రక్తం ఇచ్చేవాళ్లం. ఏడో వారం రిపోర్టు చూస్తుండగా ఏదో తేడాగా అనిపించి పాత కాగితాలు తీశాను. ఐదో వారం తెల్లకణాల రకాల శాతాలు: న్యూట్రోఫిల్స్ 62, లింఫోసైట్స్ 30, ఇసినోఫిల్స్ 5, మోనోసైట్స్ 3. ఆరో వారం 62, 30, 5, 3. ఏడో వారం కూడా 62, 30, 5, 3. మొత్తం తెల్లకణాలు మాత్రం 6,400, 7,100, 5,800గా మారుతున్నాయి. పరీక్షలో పక్క పక్కన కూర్చున్న ముగ్గురు పిల్లలు ఒకే తప్పుడు జవాబు రాస్తే ఏం జరిగిందో ఏ టీచరుకూ ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ సాయంత్రమే తమ్ముణ్ని తీసుకుని బస్టాండు దగ్గరి పెద్ద ల్యాబుకు వెళ్లాను. అక్కడ మొత్తం 4,600, న్యూట్రోఫిల్స్ 41 శాతం, అంటే 1,886. పొద్దున ల్యాబు లెక్క ప్రకారం 3,596.

మర్నాడు ఆ మూడు వారాల కాగితాలూ, పెద్ద ల్యాబు రిపోర్టూ పట్టుకుని మొదటి ల్యాబుకు వెళ్లాను. యజమాని బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. బెంచీల మీద ఎనిమిది తొమ్మిది మంది ఉన్నారు. నేను గొంతు పెంచకుండానే మూడు కాగితాలు పరిచి చూపించాను. ఆయన వాటిని చూడను కూడా చూడకుండా, అందరికీ వినిపించేలా, "మెంటల్ మందులకు వేసే పరీక్షే కదా మేడమ్, దీనికి ఇన్ని లెక్కలెందుకు? ఇంట్లో అందరికీ ఉందా ఏమిటి ఈ అనుమానం?" అన్నాడు. బెంచీ మీద ఎవరో నవ్వారు. ఆ చివర, నా తొమ్మిదో తరగతి పిల్లాడి తల్లి కూర్చుని ఉంది. తమ్ముడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడని మూడేళ్లుగా బడిలో నేను చెబుతున్న అబద్ధం ఆమెకూ తెలుసు. ఆమె చప్పున తల దించుకుని తన చీటీ చదువుకోసాగింది. అంతకన్నా ఆమె కూడా నవ్వి ఉంటే నయంగా ఉండేదేమో.

నోటికి ఎన్నో మాటలు వచ్చాయి, ఒక్కటీ బయటికి రాలేదు. చీటీ వెనక రెండు గుణకారాలు వేసి, 1,886 చుట్టూ సున్నా చుట్టి ఆయన ముందు పెట్టి మెట్లు దిగాను. రక్తం తీసే కుర్రాడు వెనకాలే వచ్చి, "స్లైడు చూసే సారు వారానికి రెండు రోజులే వస్తారు మేడమ్, సోమవారం రారు, అందుకే ఆ రోజు అందాజుగా వేస్తాం" అని చెప్పి, తన పేరు బయటపెట్టవద్దని బతిమాలాడు. అందాజు! పచ్చడిలో ఉప్పు వేసినట్లు ఒక మనిషి రక్తంలో కణాలను వేశారు. జ్వరం వచ్చినవాడి రిపోర్టయినా ఇలాగే వేస్తారా, లేక తమ్ముడి జబ్బు పేరు చూసి వేశారా అన్న ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలలేదు.

డాక్టరు గారు మందు ఆపలేదు, పెంచడం మాత్రం ఆపి, వారానికి రెండుసార్లు పరీక్ష చేయించమన్నారు. పదకొండో రోజుకు 2,300 దాటింది. అప్పటి నుంచి న్యూట్రోఫిల్స్ సంఖ్యను రిపోర్టులోనే అచ్చువేసి ఇచ్చే ల్యాబుకే వెళుతున్నాం. ఆ సంఖ్యను అచ్చువేసి ఇస్తారా అని మీరూ మొదటి రోజే ల్యాబులో అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. పాత రిపోర్టులను పారవేయకుండా తేదీల వారీగా పక్క పక్కన పెట్టుకుని చూడండి.

మిగతావి మాకు ఎవరూ ముందుగా చెప్పనివి. రాత్రిళ్లు నోటి నుంచి లాలాజలం కారి దిండు తడిసిపోతుంది, దాని మీద తువ్వాలు పరిచి పెట్టుకోవాలి. మలబద్ధకాన్ని చిన్న విషయమనుకోకూడదు, ఈ మందుతో అది ప్రాణం మీదకు తేగలదు. జ్వరమో గొంతునొప్పో వస్తే సోమవారం కోసం ఆగకుండా ఆ రోజే సీబీపీ చేయించాలి. సిగరెట్లు తాగేవారు హఠాత్తుగా మానేస్తే రక్తంలో మందు పెరిగిపోతుంది, కాబట్టి మానేముందు డాక్టరుకు చెప్పాలి. రెండు రోజులకు మించి మందు తప్పితే మళ్లీ 12.5 నుంచి మొదలుపెట్టవలసిందే. మేము మేనమామ కూతురి పెళ్లికి మాత్రల డబ్బా మరచిపోయి వెళ్లి, రాత్రి పన్నెండింటికి మోటారు సైకిల్ మీద ముప్పై కిలోమీటర్లు వెనక్కి వచ్చాం.

గొంతులు పూర్తిగా పోలేదు. ఉన్నా పక్కింటి టీవీ మోతలా ఉన్నాయని, వాటికి జవాబు చెప్పాలనిపించడం లేదని తమ్ముడు అంటున్నాడు. నిన్న రిపోర్టు నా చేతిలోంచి లాక్కుని, అచ్చువేసిన సంఖ్య మీద బొటనవేలు పెట్టి మూసి, 4,900ను 55 శాతంతో తానే గుణించి 2,695 అన్నాడు. వేలు తీస్తే అంతే ఉంది. తరువాతి పరీక్ష ఈ నెల చివరి సోమవారం.