అర బారకి రెండు సెకన్లు

"ముక్కు దగ్గర పట్టుకుని చెయ్యి పూర్తిగా చాపు, అది రెండు సెకన్లు" అన్నాడు బాబాయ్, పాత ఫిల్మ్ ముక్క ఒకటి నా చేతికిచ్చి. అర బార అన్నమాట, అంటే సుమారు మూడడుగులు. లెక్కేస్తే నిజమే! 35 ఎంఎంలో అడుక్కి 16 ఫ్రేములు, సెకనుకి 24, అంటే సెకనుకి అడుగున్నర.

ఒకప్పుడు మద్రాసులో సినిమాలకి అసిస్టెంట్ ఎడిటర్‌గా చేశాడు. ఇవాళ అటక సర్దుతుంటే ఫిల్మ్ ముక్కలు అతికించే స్ప్లైసర్ బయటపడింది, ఇక పని సాగితే ఒట్టు.

ఫిల్మ్ అంచున ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) గీకి, సిమెంట్ అనే ఫిల్మ్ జిగురు రాసి, రెండో ముక్క దానిమీద పెట్టి నొక్కాలట. కోసింది మళ్లీ అతికించాలంటే ఆ గీకుడులో ఫ్రేమో రెండో పోతాయి. అందుకే కత్తెర పెట్టేముందు గ్రీజు పెన్సిల్‌తో గీత గీసి, ముందుకీ వెనక్కీ తిప్పి చూసేవాళ్లట. నేనేమో ఫోన్‌లో రీల్ కట్ చేస్తూ అన్‌డూ నొక్కుతూనే ఉంటాను, అసలు ఎందుకు కట్ చేశానో కూడా గుర్తుండదు.

అలా ఫిల్మ్ తిప్పి చూసే యంత్రం మూవియోలా గురించి వెతికితే ఇంకో సంగతి తెలిసింది. ఇవాన్ సెరూరియర్ దాన్ని మొదట ఇళ్లల్లో సినిమాలు చూసుకోడానికి తయారుచేశాడట, ధర ఎక్కువై అమ్ముడుపోక 1924లో ఎడిటర్ల దగ్గరికి చేరింది.

బాబాయ్‌కి చెప్తే నవ్వి, "ఆ మిషన్ చప్పుడుకి ఇంట్లో ఎవడు చూస్తాడ్రా!"