పదహారు పిక్సెళ్లలో ఒక మనిషి

గేముల కోసం స్ప్రైట్లు (తెరపై కదిలే చిన్న బొమ్మలు) గీయడం కొత్తగా నేర్చుకుంటున్న నేను, కాన్వాస్‌ను 16×16 పిక్సెళ్లకు (రంగు నింపే అతి చిన్న గడులకు), రంగులను మూడింటికి పరిమితం చేసుకున్నాను. ఈ హద్దు ఊరికే పెట్టుకున్నది కాదు. 1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే గేమ్ యంత్రంలో ఒక్కో స్ప్రైట్‌కు మూడు రంగులు, వాటితోపాటు పారదర్శకంగా వదిలే గడులు మాత్రమే ఉండేవి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ గేములోని చిన్న మారియో, 8×8 ముక్కలు నాలుగు కలిపి కూర్చిన బొమ్మ.

ఆ బొమ్మను పెద్దది చేసి గడి గడినీ పరిశీలించడమే నాకు దొరికిన మంచి పాఠం. టోపీకీ ప్యాంటుకూ ఎరుపు, ముఖానికీ చేతులకూ ఒంటి రంగు, జుట్టుకూ మీసానికీ చొక్కాకూ బూట్లకూ ఒకే గోధుమ రంగు. అంత చిన్న ముఖంలో నోరు గీసినా తెలియదు కనుక మీసం, జుట్టు గీసే ఇబ్బంది తప్పించుకోవడానికి టోపీ పెట్టినట్లు ఆ పాత్రను సృష్టించిన షిగెరు మియమోటో చెప్పారు. ఏది గీయాలన్న దానికంటే ఏది వదిలేయాలన్నదే ఇక్కడ పెద్ద ప్రశ్న అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నాకు ఎక్కువ సమయం పట్టేది వంపుల దగ్గర. టోపీ అంచు గీసేటప్పుడు వరుసగా నాలుగు, రెండు, ఒకటి చొప్పున పిక్సెళ్లు మెట్లుగా దిగితే కంటికి గుండ్రంగా తోస్తుంది. నాలుగు, ఒకటి, మూడు అని పెడితే అదే అంచు నొక్కుకుపోయినట్లు కనిపిస్తుంది. ఒక్క పిక్సెల్ పక్కకు జరిపితే చాలు, బొమ్మ ముఖకవళికే మారిపోతుంది. అందుకే రంగులు వేసే ముందు ఆకారమంతా నల్లగా నింపి, అసలు పరిమాణంలో చూసి, అది మనిషేనని వెంటనే పోల్చుకోగలిగితేనే ముందుకు వెళ్తున్నాను.

పిక్సెల్ బొమ్మలు గీసే పిస్కెల్ అనే యాప్ బ్రౌజర్‌లోనే ఉచితంగా పనిచేస్తుంది కాబట్టి సాధనం కోసం వెతుక్కోనక్కరలేదు. పెద్దది చేసేటప్పుడు మాత్రం రెండింతలు, మూడింతలు అన్నట్లు పూర్ణ సంఖ్యలలోనే, నియరెస్ట్ నైబర్ (రంగులు కలపకుండా ఒక్కో పిక్సెల్‌నూ అలాగే పెద్దది చేసే) పద్ధతిలో పెంచి, పీఎన్‌జీ ఫైలుగా దాచుకోవాలి. జేపెగ్‌లో అంచుల దగ్గర రంగులు చెదిరిపోతాయి.

ప్రస్తుతం వరుస ఫ్రేములతో (చిత్రాలతో) బొమ్మను నడిపించడం మీద పనిచేస్తున్నాను. కాళ్లు బాగా చాచిన ఫ్రేములో తలనూ మొండాన్నీ ఒక్క పిక్సెల్ కిందికి దించి, కాళ్లు దగ్గరికి వచ్చిన ఫ్రేములో తిరిగి పైకి లేపితే, అంతవరకూ జారుతున్నట్లున్న బొమ్మకు బరువు వచ్చి, నేల మీద అడుగులు వేస్తున్నట్లే ఉంటుంది.